ఆటిజం ఉన్న పిల్లల్లో భయం, కంగారు: హెడ్‌ఫోన్లా, బొమ్మల కార్డులా, థెరపీనా, మందులా?

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పై ఫ్లోరులో ఎప్పుడో ఒకప్పుడు డ్రిల్లింగ్ మెషిన్ మొదలవుతుంది. ఆటిజం ఉన్న పిల్లవాడు చెవులు మూసుకుని మంచం కింద దూరతాడు. ఆ సాయంత్రానికల్లా ఇంట్లోవాళ్లకు నాలుగు సలహాలు వచ్చేస్తాయి. వాట్సాప్ గ్రూపులో ఒకరు మంచి హెడ్‌ఫోన్లు కొనమంటారు. ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ, సెంటర్‌వాళ్లు సెషన్లు పెంచుదామంటారు. ఊళ్లోంచి అమ్మమ్మ ఫోన్ చేసి దిష్టి తీయమంటుంది. పిల్లల డాక్టరు సైకియాట్రిస్టును కలవమంటారు. అందరూ ప్రేమతోనే చెబుతారు. అయితే అన్నీ ఒకే వారంలో మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలియదు. మూడు నెలల తర్వాత డబ్బు అయిపోతుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది.

ఈ భయం అరుదైనదేమీ కాదు. చాలా అధ్యయనాలను కలిపి 2011లో వేసిన లెక్కలో, ఆటిజం ఉన్న పిల్లల్లో, టీనేజర్లలో సుమారు 40 శాతం మందికి డాక్టర్లు విడిగా గుర్తించదగ్గ ఆందోళన సమస్య ఒకటైనా ఉందని తేలింది. కాబట్టి "ఆటిజంలో ఇవన్నీ మామూలే" అని వదిలేయాల్సిన పని లేదు. ఆటిజం జీవితాంతం ఉంటుంది కానీ ఈ భయాన్ని చాలావరకు తగ్గించవచ్చు.

కింద ఒక్కొక్క మార్గాన్నీ ఒకే ప్రశ్నతో తూచాం: దీన్ని వాడిన రెండు నెలలకు పిల్లవాడు వెళ్లగలిగే చోట్లు, చేయగలిగే పనులు పెరిగాయా, తగ్గాయా? పిల్లవాణ్ని గమ్మున కూర్చోబెట్టి, ఇంట్లోంచి బయటికి రానివ్వకుండా చేసే ఉపాయం ఎంత హాయిగా కనిపించినా మేం దాన్ని మంచి ఎంపికగా చూడం.

ముందు భయం ఎక్కడ పుడుతోందో చూడండి

మిక్సీని తీసుకుందాం. అది తిరుగుతున్నంతసేపూ చెవులు మూసుకుని, ఆగగానే మళ్లీ ఆటలో పడితే అది చెవికి తగులుతున్న బాధ. అమ్మ జార్ తీసిన అలికిడికే, స్విచ్ వెయ్యకముందే వణికిపోతే అది భయం. ఒకప్పటి బాధను మనసు ముందే తెచ్చుకుంటోంది. చప్పుడు ఊసే లేకుండా "తర్వాతేంటి? నాన్న ఎప్పుడొస్తాడు? రేపు స్కూలుందా?" అని ఇరవైసార్లు అడుగుతుంటే, బండి రోజూ వెళ్లే దారి మారగానే ఏడుపు అందుకుంటే, అది ఏం జరగబోతోందో తెలియని గుబులు.

ఒకే పిల్లవాడిలో మూడూ ఉండొచ్చు. అయితే మొదటిదానికి చప్పుడు తగ్గించాలి, రెండోదానికి మెల్లగా అలవాటు చేయాలి, మూడోదానికి రాబోయేదాన్ని కంటి ముందు పెట్టాలి. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాకపోగా చెడు చేయవచ్చు. గుబులుపడే పిల్లవాడికి ఖరీదైన హెడ్‌ఫోన్లు కొంటే ప్రశ్నలు తగ్గవు. చెవి నిజంగా నొప్పిపెడుతున్న పిల్లవాణ్ని "అలవాటవుతుందిలే" అని పెళ్లి మండపంలో బ్యాండు పక్కన కూర్చోబెడితే, వాడు ఇక ఏ పెళ్లికీ రాడు.

ఏదీ కొనకముందు పద్నాలుగు రోజులు ఒక నోట్‌బుక్ రాయండి. ప్రతి గొడవకూ ఒక్క వరుస చాలు: ఎన్ని గంటలకు, సరిగ్గా అంతకుముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, మీరేం చేశారు, కుదుటపడడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. పక్కన రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడో, విరేచనం అయిందో లేదో కూడా రాయండి. "పొద్దున్నుంచీ చిరాగ్గా ఉన్నాడు" అని రాస్తే దేనికీ పనికిరాదు. "8:10, లిఫ్ట్ పనిచేయలేదు, మెట్లు దిగాం, మొదటి ఫ్లోరులో చెయ్యి కొరుక్కున్నాడు, 12 నిమిషాలు" అని రాస్తే డాక్టరు ఒక్క చూపులో చదువుకుంటారు.

మునుపు లేని అరుపులు, తల కొట్టుకోవడం ఉన్నట్టుండి మొదలైతే నోట్‌బుక్ కోసం ఆగకండి. పళ్లు, చెవులు, మలబద్ధకం ముందు చూపించండి. మాటలు తక్కువ ఉన్న పిల్లలు పుచ్చుపన్ను నొప్పినీ ఇలాగే చెబుతారు.

చెవులకు: ఇయర్ మఫ్‌లా, నాయిస్ క్యాన్సిలింగా, ఫోమ్ ప్లగ్గులా?

ఇక్కడ ఎక్కువమంది పొరపాటుగా ఖరీదైనదే కొంటారు. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లలోని మైకు బయటి చప్పుడును విని, దానికి ఎదురు తరంగాన్ని పంపి కొట్టేస్తుంది. విమానం హోరు, బస్సు ఇంజన్, ఏసీ, జనరేటర్ లాంటి ఒకే తీరున సాగే బొంగురు శబ్దాలకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఉన్నట్టుండి వచ్చే కుక్కర్ విజిల్, కుక్క అరుపు, టపాకాయ, ఆటో హారన్ మాత్రం చాలావరకు లోపలికి వచ్చేస్తాయి. మన పిల్లలను బెదరగొట్టేవి ఎక్కువగా ఈ రెండో రకమే. పైగా ఛార్జింగ్ అయిపోతే నడిదారిలో కొత్త గొడవ.

ఫ్యాక్టరీల్లో కార్మికులు పెట్టుకునే తరహా ఇయర్ మఫ్‌లో బ్యాటరీ ఉండదు, పాట రాదు. మందమైన కప్పులు చెవిని మూసేస్తాయి, అంతే. పిల్లల సైజులో దొరుకుతుంది, ధర కూడా తక్కువ. పెట్టె మీద ఎన్‌ఆర్‌ఆర్ అనో ఎస్‌ఎన్‌ఆర్ అనో 20 నుంచి 30 వరకు అంకె ఉంటుంది; అన్ని డెసిబెల్స్ తగ్గుతాయని దానర్థం. ఇంట్లో అంత తగ్గదు. కళ్లద్దాల కాడ, జడ, చెవిపోగు కప్పు కింద పడితే ఆ సందులోంచి చప్పుడు దూరుతుంది. కొన్నాక కప్పు చుట్టూ వేలితో తడిమి, ఎక్కడా ఖాళీ లేకుండా సర్దండి. మా సలహా: బెంగళూరు వీధికి, స్కూల్ అసెంబ్లీకి, పండగలకు ఇయర్ మఫ్, రోజూ గంటన్నర స్కూల్ బస్సులో కూర్చునే పిల్లవాడికి మాత్రమే నాయిస్ క్యాన్సిలింగ్. ఫోమ్ ప్లగ్గులు చెవిలో ఏదీ పెట్టనివ్వని పిల్లలకు కుదరవు, నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలకు ప్రమాదం కూడా.

ఏ రకమైనా ఒక పెద్ద చిక్కుంది. రోజంతా పెట్టుకుని తిరిగితే చెవి నిశ్శబ్దానికి అలవాటుపడి, మామూలు చప్పుళ్లు కూడా పెద్దగా వినిపించడం మొదలవుతుంది. అందుకే సంచీలో ఎప్పుడూ ఉండాలి, చెవుల మీద ఎప్పుడూ ఉండకూడదు. చప్పుడు వచ్చే ముందు పెట్టి, ఆగిన రెండు మూడు నిమిషాలకు తీయడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా తీయనంటుంటే అది ఆడియాలజిస్టుకు, అంటే వినికిడి నిపుణులకు, చూపించాల్సిన విషయం.

గుబులుకు: కార్డులు, కథలు, టైమర్లు

తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే. అయినా చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు, వారం చేసి మానేస్తారు. ఆగిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ తయారీలోని తప్పులే.

రోజంతటి షెడ్యూలును ఒకేసారి గోడకు అతికించకండి. మొదట రెండు కార్డులు చాలు: "ముందు", "తర్వాత". ముందు స్నానం, తర్వాత దోసె. అది వారం సాఫీగా జరిగాక మూడు, ఆ తర్వాత ఐదు. నెట్‌లోంచి తీసిన కార్టూన్ బాత్రూమ్ కన్నా మీ బాత్రూమ్ ఫొటోనే మేలు. ఆ కార్టూన్‌కూ తన ఇంటికీ సంబంధం ఉందని చాలామంది పిల్లలకు తట్టదు. అరచేతిలో పట్టేంత సైజులో ప్రింట్ తీసి, లామినేట్ చేయించి, వెనక వెల్‌క్రో అంటించండి. పని అవగానే కార్డు ఊడదీసి "అయిపోయింది" అని రాసిన కవరులో పిల్లవాడే వేయాలి. ఆ ఊడదీయడంలోనే సగం ధైర్యం ఉంది: కష్టమైన పని నిజంగా ముగిసిపోయిందని చేతికి తెలుస్తుంది.

బెంగళూరులో అందరూ మరిచిపోయే కార్డు ఇంకోటుంది, "మార్పు" కార్డు. సిల్క్ బోర్డ్ దగ్గర బండి ముప్పావుగంట ఆగిపోతే ఏ షెడ్యూలూ నిలవదు. పసుపు అట్ట మీద మెలిక తిరిగిన బాణం గుర్తు గీయండి. అక్షరాలు వద్దు, కన్నడ మాట్లాడే ఆయాకూ, ఇంగ్లిష్ మాట్లాడే టీచరుకూ, తెలుగు మాట్లాడే అమ్మకూ ఆ ఒక్క గుర్తు సరిపోవాలి. దీన్ని కష్టంలో ఉన్నప్పుడు మొదటిసారి చూపిస్తే కార్డంటేనే బెదురు పట్టుకుంటుంది. అందుకే మొదటి పది మార్పులూ మంచివే చేయండి: "చదువు" కార్డు తీసి, మార్పు కార్డు చూపించి, "ఊయల" పెట్టండి. ఆ తర్వాత అటూ ఇటూ కానివి. చివరికే ఇష్టంలేనివి.

ఒకే ప్రశ్న పదేపదే అడిగే పిల్లవాడికి ప్రతిసారీ ఓపిగ్గా జవాబు చెప్పడం ప్రేమే కానీ, ఆ జవాబు ఐదు నిమిషాలే పనిచేస్తుంది, మళ్లీ ప్రశ్న వస్తుంది. ఒకసారి నోటితో చెప్పండి. రెండోసారి మాట్లాడకుండా కార్డు వైపు వేలు చూపించండి. మూడోసారి "కార్డు ఏం చెబుతోంది?" అని అడగండి. మొదటి నాలుగైదు రోజులు ప్రశ్నలు పెరుగుతాయి, అక్కడ వెనక్కి తగ్గకండి.

టైమర్ గురించి ఒక్క మాట. మోగే టైమర్ చప్పుడుకు భయపడే పిల్లవాడికి ఇంకో భయం తెచ్చిపెడుతుంది. ఇసుక గడియారం గానీ, ఎర్రరంగు తరుగుతూ కనిపించే టైమర్ గానీ తీసుకోండి.

సోషల్ స్టోరీ అంటే ఒక సంఘటనను పిల్లవాడి వైపు నుంచి చిన్న వాక్యాల్లో చెప్పే కథ. 1990ల మొదట్లో అమెరికాలో కారల్ గ్రే అనే టీచరు దీన్ని రూపొందించారు. వాక్యం అర్థం చేసుకోగల పిల్లలకే ఇది పనికొస్తుంది. సెలూన్ కోసం ఇలా రాయొచ్చు:

"ఆదివారం నాన్నతో సెలూన్‌కి వెళ్తాను. కుర్చీ పైకి లేస్తుంది. అన్న మెడ చుట్టూ గుడ్డ కడతాడు. మిషన్ చెవి దగ్గర జుయ్ మంటుంది. కొంతమందికి ఆ చప్పుడు నచ్చదు. నేను చెయ్యి ఎత్తితే అన్న ఆపుతాడు. నాన్న పది లెక్కపెడతాడు. మళ్లీ మొదలవుతుంది. జుట్టు అయిపోయాక ఇంటికి వస్తాం."

ఇందులో "ఏమీ కాదు", "అస్సలు నొప్పి ఉండదు", "మంచిపిల్లలు ఏడవరు" లాంటివి లేవు, గమనించండి. కుచ్చుకుంటే కథ అబద్ధమవుతుంది, తర్వాత రాసే ఏ కథనూ పిల్లవాడు నమ్మడు. "చెయ్యి ఎత్తితే ఆపుతాడు" అని రాస్తే ఆ సంగతి మంగలికి ముందుగా చెప్పి ఒప్పించాలి. రోజుకోసారి, హాయిగా ఉన్న వేళ, వారం ముందు నుంచి చదవండి. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి చదివితే అది కథలా ఉండదు, హెచ్చరికలా ఉంటుంది.

బరువు దుప్పటి

త్వరగా తేల్చేయదగ్గ విషయం. ఆటిజం ఉన్న పిల్లల నిద్ర మీద 2014లో అచ్చయిన ఒక బ్రిటిష్ పరీక్షలో, బరువు దుప్పటి వల్ల నిద్ర సమయం పెరగలేదు. పిల్లలకూ తల్లిదండ్రులకూ మాత్రం మామూలు దుప్పటి కన్నా అదే నచ్చింది. అంటే హాయినిస్తే వాడుకోవచ్చు, చికిత్స అనుకోకూడదు. పిల్లవాడు తనంతట తాను తీసేయగలగాలి. ముఖం మీద కప్పకూడదు. మూడేళ్లలోపు వాళ్లకు, మూర్ఛ, ఊపిరి సమస్య ఉన్నవాళ్లకు డాక్టరును అడగకుండా వద్దు. బెంగళూరు డిసెంబరులో సరే గానీ చెన్నై మే నెలలో దీన్ని కప్పితే చెమటకే నిద్ర చెడుతుంది. గట్టిగా హత్తుకోవడం, దిండ్ల మధ్య నొక్కడం, బరువైన కిరాణా సంచీ మోయించడం కొందరికి అంతే హాయినిస్తాయి, పైసా ఖర్చు లేదు.

భయానికి: మెట్టు మెట్టుగా అలవాటు చేయడం

నేర్చుకున్న భయానికి నిలకడగా ఫలితమిచ్చేది ఇదే. హెడ్‌ఫోన్లూ కార్డులూ దీనికి తోడు మాత్రమే. పేరు ఎక్స్‌పోజర్. ఇంట్లో చేయగలిగిందే, కానీ తొందరపడితే ఇదే అన్నిటికన్నా ఎక్కువ చెడగొడుతుంది.

ముందుగా భయాన్ని చెప్పడానికి పిల్లవాడికి ఒక భాష కావాలి. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమ మనసులో ఏం జరుగుతోందో గుర్తించి పేరు పెట్టడం కష్టం. "భయమేస్తోందా?" అంటే ఊరికే తల ఊపుతారు. "గుండె దడదడ మంటోందా? కడుపులో తిప్పుతోందా? అరచేతులు చెమటగా ఉన్నాయా?" అని ఒంటితో మొదలుపెట్టండి, తాకి చూపించండి. ఈ మాటలు ఇంటి భాషలోనే నేర్పాలి. థెరపీ సెంటర్లో ఇంగ్లిష్, వీధిలో కన్నడ, ఇంట్లో తెలుగు ఉంటే పిల్లవాడు తికమకపడతాడని ఇంట్లో కూడా ఇంగ్లిష్‌కు మారిపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రెండు మూడు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాటలు వెనకబడతాయని అధ్యయనాల్లో తేలలేదు. అమ్మకు ఏ భాషలో ఓదార్పు సహజంగా వస్తుందో ఆ భాషే వాడండి.

కొలతకు ఫ్యాన్ రెగ్యులేటర్ కన్నా మంచి బొమ్మ మన ఇళ్లలో లేదు. సున్నా అంటే ఆగిపోయింది, 5 అంటే జోరుగా తిరుగుతోంది. పిల్లవాడు దాన్ని రోజూ తన చేత్తో తిప్పుతాడు కాబట్టి కొత్తగా నేర్పేదేమీ ఉండదు. అట్ట మీద రెగ్యులేటర్ గీసి, మధ్యలో పిన్నుతో ముల్లు గుచ్చండి. "నీ ఫ్యాన్ ఇప్పుడు ఎంతలో ఉంది?" మాటలు రాని పిల్లవాడు ముల్లు తిప్పి చూపిస్తాడు. అదీ రాకపోతే ఎంత దూరం జరిగాడు, చెవుల మీద చేతులున్నాయా అన్నదాన్ని మీరే చూసి అంకె వేయండి.

ఇక మిక్సీ మెట్లు. దగ్గర్లో మిక్సీ 85 డెసిబెల్స్ దాటి మోగుతుంది, కాబట్టి దాన్ని చేత్తో నడిపే చివరి మెట్ల దాకా మెల్లగానే వెళ్లాలి. మొదటి మెట్టులో ప్లగ్ పీకిన మిక్సీని హాల్లోకి తెచ్చి, జార్ పెట్టడం, మూత తీయడం పిల్లవాడే చేస్తాడు. రెండోది, ఫోనులో రికార్డు చేసిన మిక్సీ చప్పుడు, అతి తక్కువ వాల్యూమ్‌లో. ప్లే, స్టాప్ రెండూ పిల్లవాడి వేలు కిందే. మూడోది, వంటింటి తలుపు మూసి, పిల్లవాడు హాల్లో దూరంగా ఉండగా, "మూడు, రెండు, ఒకటి" అని వినిపించేలా లెక్కపెట్టి మూడు సెకన్లు. నాలుగు, తలుపు తీసి మూడు సెకన్లు. ఐదు, వంటింటి గడప దగ్గర నిలబడి ఐదు సెకన్లు. ఆరో మెట్టులో పిల్లవాడే మిక్సీ నాబ్‌ను పల్స్ వైపు తిప్పి వదిలేస్తాడు. అన్నిటికన్నా ఎక్కువ ధైర్యం ఇక్కడే వస్తుంది, మీట తన చేతిలో ఉంది కాబట్టి. ఏడు, కొబ్బరి చట్నీ, ఇరవై సెకన్లు.

రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు, ఒకే వేళకు. ఒక మెట్టు మీద ఫ్యాన్ 1కి గానీ 2కి గానీ దిగి, వరుసగా మూడు రోజులు అలాగే ఉంటే పైమెట్టు. మొదట్లో 3 దాకా వెళ్లడం మంచిదే. అసలు భయం కలగని మెట్టు ఏమీ నేర్పదు. 4 దాటితే మెట్టు ఎత్తు ఎక్కువైందన్నమాట. అప్పుడు మొత్తం ఆపేసి పారిపోనివ్వకండి, కింది మెట్టు మీద ఒక్కసారి చేసి అక్కడ ముగించండి. భయం పతాక స్థాయిలో ఉండగా ఆపేస్తే "పారిపోతేనే బతికాను" అన్నది మాత్రమే మనసులో మిగులుతుంది. ముగిసిన వెంటనే చిన్న బహుమతి, ముందే చెప్పింది. ఏడ్చాక లంచంగా ఇస్తే ఏడుపు పెరుగుతుంది.

ఈ పని ఎక్కువగా ఎక్కడ చెడిపోతుందంటే, సాయంత్రం మెట్లు ఎక్కిస్తూ, పొద్దున ఆరింటికి పిల్లవాడు నిద్రలో ఉండగానే చెప్పాపెట్టకుండా ఇడ్లీ పిండి తిప్పేస్తారు. ఆ ఒక్క చప్పుడు రెండు వారాల పనిని మింగేస్తుంది. ఈ నెలా రెండు నెలలూ లెక్కపెట్టకుండా మిక్సీ వెయ్యకూడదని ఇంట్లో అందరూ, పనమ్మాయితో సహా, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. ఇంకో హెచ్చరిక: చప్పుడు నిజంగా నొప్పి పుట్టించే పిల్లలకు మెట్లతో నొప్పి పోదు, ముందే భయపడడం మాత్రమే తగ్గుతుంది. వాళ్లకు పై మెట్లలో ఇయర్ మఫ్ ఉంచుకోనివ్వండి.

థెరపిస్టు దగ్గర: సీబీటీనా, ఓటీనా?

సుమారు ఎనిమిదేళ్లు దాటి, వాక్యాల్లో మాట్లాడుతూ, "మొన్న ఏం జరిగింది" అని చెప్పగల పిల్లవాడికి సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చే మాటల థెరపీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ), మొదటి ఎంపిక, అదీ ఆటిజానికి తగ్గట్టు మార్చినది. 2020లో అమెరికాలో 7 నుంచి 13 ఏళ్ల 167 మంది పిల్లల మీద వచ్చిన పరీక్షలో, మామూలు సీబీటీ అప్పటికే అందుతున్న చికిత్స కన్నా బాగా పనిచేసింది. ఆటిజం కోసం మార్చిన సీబీటీ మామూలు సీబీటీ కన్నా కూడా బాగా పనిచేసింది. మార్చడమంటే బొమ్మలు గీయించడం, పిల్లవాడికి పిచ్చి ఇష్టమైన మెట్రో రైళ్లనో డైనోసార్లనో పాఠంలోకి తేవడం, అమ్మానాన్నల్ని లోపల కూర్చోబెట్టడం. సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు. చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఎక్స్‌పోజర్ ఎన్నో వారంలో మొదలవుతుంది?" జవాబు లేకుండా పాజిటివ్ థింకింగ్ గురించి చెబితే ఇంకొకరిని వెతుక్కోండి.

మాటలు తక్కువున్న, లేదా చిన్న వయసు పిల్లలకు కూర్చోబెట్టి చేసే సీబీటీ కుదరదు. వాళ్లకు పైన చెప్పిన కార్డులు, మెట్లు, వాటితోపాటు తమ ఇబ్బంది చెప్పుకునే సాధనం. "ఆపు", "విరామం" అని చెప్పగలిగితేనే సగం భయం తగ్గుతుంది. బొమ్మలు నొక్కితే పిల్లవాడి తరఫున మాట్లాడే ఆవాజ్ అనే యాప్ చెన్నైలోనే పుట్టింది. యాప్ అందకపోయినా రెండు కార్డులతో ఈ రోజే మొదలుపెట్టవచ్చు. చూపించిన ప్రతిసారీ ఆపాలి, మొదటి నెలలో అయితే తప్పకుండా.

ఓటీ ఎక్కడ అవసరమంటే చప్పుడు, స్పర్శ, వెలుతురు పెట్టే బాధను అంచనా వేయడానికి, స్కూల్లో ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పడానికి, బట్టలు, పళ్లు తోమడం లాంటి రోజువారీ పనులకు. ఊయల మీద ఊపితే ఆ గంట హాయిగా ఉంటాడు. భయం దానితోనే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రాతపూర్వకంగా లక్ష్యం అడగండి: "మూడు నెలల్లో సెలూన్ కుర్చీలో పది నిమిషాలు" లాంటిది.

క్లినికల్ సైకాలజిస్టుకు, స్పీచ్ థెరపిస్టుకు, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడిగితే చూపించాలి. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆర్‌సీఐ పరిధిలోకి రారు, కాబట్టి వాళ్ల డిగ్రీ చూడండి.

మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స, ఒంట్లోంచి లోహాలు తీస్తామనే కీలేషన్: రెండూ వద్దు. ఆటిజానికి మూలకణాలు నిరూపితమైన చికిత్స కావు. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు వాటిని పరిశోధన బయట అమ్మడాన్ని ఒప్పుకోవు. కీలేషన్ ప్రాణం మీదికి తెస్తుంది.

మందులు ఎప్పుడు?

నిద్ర, తిండి, స్కూలు మూడూ దెబ్బతిని, పై పనులేవీ మొదలుపెట్టలేనంత భయం ఉన్నప్పుడు మందు గురించి చైల్డ్ సైకియాట్రిస్టుతో మాట్లాడాలి. మందు భయాన్ని కిందికి దించితే మెట్లు ఎక్కడం వీలవుతుంది. మందొక్కటే ఇచ్చి మెట్లు మానేస్తే ఆపినప్పుడు భయం తిరిగొస్తుంది.

సెర్ట్రలీన్, ఫ్లూయోక్సెటీన్ లాంటివి మామూలు పిల్లల ఆందోళనకు బాగా పనిచేస్తాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఆధారాలు బలహీనం, దుష్ఫలితాలు ఎక్కువ. అందుకే చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మొదటి రెండు మూడు వారాల్లో నిద్ర లేకుండా గెంతడం, కుదురులేకపోవడం, చిరాకు కనిపిస్తే "మందు పడలేదు" అని మీరే ఆపేయకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. మోతాదు తగ్గిస్తే తరచు సర్దుకుంటుంది. పెద్దపిల్లల్లో చావు మాటలు వినిపిస్తే అదే రోజు చూపించాలి.

రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వేరే సంగతి. వీటికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో, 2009లో అనుమతి ఇచ్చింది ఆటిజంలోని తీవ్రమైన చిరాకు, కొట్టుకోవడం కోసం. భయానికి కాదు. మీ చీటీలో ఇవి ఉంటే దేనికోసం రాశారో అడగండి. ఆకలి, బరువు పెరుగుతాయి కాబట్టి మొదలుపెట్టే రోజే బరువు, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూసి రాసుకోవాలి. క్లోనజెపామ్ లాంటి మత్తు మాత్రలు కొందరు పిల్లల్లో ఎదురు తిరిగి ఉద్రేకం పెంచుతాయి. ప్రయాణం కోసమని తెలిసినవాళ్ల దగ్గర అడిగి వేయకండి.

బెంగళూరులో ఎక్కడికి?

హోసూరు రోడ్డులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో చైల్డ్ అండ్ అడాలసెంట్ సైకియాట్రీ విభాగం ఉంది. రోగనిర్ధారణ తేలనప్పుడు, మందులు మొదలుపెట్టాలన్నప్పుడు, ఆటిజంతో మూర్ఛ కూడా ఉన్నప్పుడు అక్కడికే వెళ్లండి. ఖర్చు తక్కువ. కానీ ఒక రోజంతా పోతుంది, రద్దీ పిల్లవాడికే పరీక్ష. ఇయర్ మఫ్, తినే డబ్బా, ముందు–తర్వాత కార్డులు, పద్నాలుగు రోజుల నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఒకరు క్యూలో ఉంటే ఇంకొకరు పిల్లవాడితో చెట్టుకింద ఉండాలి. వారం వారం చేయాల్సిన సీబీటీకి మాత్రం ఇంటికి దగ్గరున్న మంచి థెరపిస్టే మేలు. వైట్‌ఫీల్డ్ నుంచి ప్రతివారం హోసూరు రోడ్డుకు వెళ్తే ఆ ట్రాఫిక్కే కొత్త భయం పుట్టిస్తుంది. చెన్నైలో ఉన్న మనవాళ్లకు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముట్టుకాడులో ఎన్‌ఐఈపీఎండీ ఉంది, ఒకటికి మించి వైకల్యాలున్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. రాత్రివేళ మీకే చేతకాని పరిస్థితి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, తీసుకుంటే స్కూల్లో వెసులుబాట్లు అడగడానికి ఆధారం దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగదు.

దీపావళికి అన్నీ కలిపితే

మూడు వారాల ముందు ఫోనులో టపాకాయల రికార్డింగ్, మిక్సీలో లాగే మెట్లు. వారం ముందు సోషల్ స్టోరీ. 2018 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం దీపావళి నాడు బెంగళూరులో కాల్చడానికి రాత్రి 8 నుంచి 10 దాకానే సమయం. అందరూ పాటించరు కాబట్టి కథలో "ఎక్కువగా ఎనిమిది నుంచి పది" అని రాయండి, "పదికి ఆగిపోతాయి" అని రాయకండి. బయటివైపు గోడ ఏదీ లేని లోపలి గదిని ముందే ఎంచుకుని, రెండు సాయంత్రాలు అక్కడ ఆడించండి. ఏడున్నరకే అన్నం, ఇయర్ మఫ్, ఫ్యాన్ జోరుగా, పక్కన "అయిపోయింది" కవరు. చప్పుడు సన్నగిల్లిన వేళ బాల్కనీలో చప్పుడు లేని కాకరపువ్వొత్తి ఒక్కటి, పిల్లవాడు ఊఁ అంటేనే, వాడు చూడగలిగినంతసేపు. లోపలికి వచ్చాక అట్ట మీది ఫ్యాన్ ముల్లు ఎక్కడుందో, బాల్కనీలో ఎన్ని నిమిషాలు ఉన్నాడో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది మెట్లు అక్కడి నుంచి మొదలవుతాయి.